ఆ మూడు వేళ్ల నీళ్లే కాపలా!

సింకులో నీళ్లు దిగవు. బాత్రూమ్‌లో కంపు. కమోడ్‌లో ఫ్లష్ కొడితే నీళ్లు కిందికి పోవాల్సింది పోయి పైకి వస్తాయి. ఇవన్నీ చుట్టాలొచ్చిన రోజే జరుగుతాయెందుకో! ప్లంబర్‌కు ఫోన్ చేస్తే ‘సాయంత్రం వస్తానమ్మా’ అంటాడు. ఏ సాయంత్రమో మాత్రం చెప్పడు.

ఇల్లు కట్టేటప్పుడు టైల్స్ రంగు కోసం నాలుగు షాపులు తిరుగుతాం. హాల్లో సీలింగ్ ఎలా ఉండాలో నెల రోజులు చర్చించుకుంటాం. వాడిన నీళ్లు ఎటు పోతున్నాయో మాత్రం ఎవరూ అడగరు. జాలీ దాటిందంటే ఇక మనది కాదన్న ధీమా! నిజానికి ఇంట్లో వచ్చే మురుగు సమస్యల్లో చాలావాటికి మూలం తెలుసుకోవాలంటే ఇంజినీరింగు చదవక్కర్లేదు. ఒకసారి సింకు కింద తలుపు తీసి, టార్చి వేసి చూస్తే చాలు.

సింకు అడుగు నుంచి దిగిన గొట్టం తిన్నగా గోడలోకి పోదు. మధ్యలో ఓ గిన్నెలాంటి దాంట్లోకి దిగి, మళ్లీ పైకి లేచి, అప్పుడు గోడలోకి వెళ్తుంది. దాన్ని బాటిల్ ట్రాప్ అంటారు. కొన్ని ఇళ్లలో గిన్నెకు బదులు పైపే ‘యు’ ఆకారంలో వంగి ఉంటుంది. బాత్రూమ్‌లో జాలీ కింద ఉండేది నహాని ట్రాప్. వంటింటి గోడ బయట, నేల మీద చిన్న గుంతలా కనిపించేది గల్లీ ట్రాప్. కమోడ్‌కైతే ఆ వంపు దాని ఒంట్లోనే ఉంటుంది. పేర్లు వేరైనా అన్నిటి పనీ ఒక్కటే. ఎన్ని నీళ్లు పోసినా కాసిని తనలో నిలుపుకోవడం. ఆ నిలిచిన నీళ్లు దాదాపు 50 మిల్లీమీటర్ల లోతుంటాయి. అంటే మూడు వేళ్లు అడ్డంగా పెట్టినంత. అవతల మురుగు కాల్వ, ఇవతల మన వంటిల్లు. మధ్యలో ఉన్న గోడ ఆ మూడు వేళ్ల నీళ్లే. దుర్వాసనా, బొద్దింకలూ, పురుగులూ ఇంట్లోకి రాకుండా ఆపుతున్నది అవే. కమోడ్‌లో ఎప్పుడూ కనిపించే నీళ్లు చూసి ‘ఇవి పూర్తిగా పోవట్లేదేంటి’ అని ప్లంబర్‌ను పిలిచేవాళ్లున్నారు. పోకూడదు. పోతేనే పిలవాలి!

1775లో లండన్‌లో అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాల తయారీదారు, మరుగుదొడ్డి గొట్టాన్ని ‘ఎస్’ ఆకారంలో వంచి పేటెంటు తీసుకున్నాడు. రెండున్నర శతాబ్దాలైనా ఆ వంపును మించిన ఉపాయం రాలేదు. గొట్టం వంకరగా ఉందని తిన్నగా వేయించుకుంటే ఏమవుతుందో వేరే చెప్పాలా?

ఊరెళ్లి వస్తే కంపెందుకు?

సంక్రాంతికి పది రోజులు ఊరెళ్లి వచ్చి ఫ్లాటు తలుపు తీస్తే గుప్పున వాసన. ఎలుక చచ్చిందేమోనని మంచాల కిందా, బీరువాల వెనకా వెతుకుతారు. అసలు సంగతి బాత్రూమ్ మూల జాలీలో ఉంటుంది. నీళ్లు పోయక ట్రాప్ ఎండిపోయి ఉంటుంది. ఎండాకాలమైతే ఇంకా త్వరగా ఎండుతుంది. చుట్టాలు వస్తేనే తెరిచే గెస్ట్ బాత్రూమ్, వాషింగ్ మెషీన్ తీసేశాక బాల్కనీలో మిగిలిపోయిన జాలీ... ఇలాంటి చోట్ల ఏడాదంతా ఇదే కథ. ఫినాయిల్, రూమ్ ఫ్రెషనర్, అగరొత్తులు ఎన్ని వాడినా వాసన ఆగదు. మగ్గుడు నీళ్లు పోస్తే ఆగుతుంది. ఊరెళ్లే ముందు ఒక్కో జాలీలో మగ్గు నీళ్లు, పైన ఓ రెండు చెంచాల వంటనూనె పోసి వెళ్లండి. నూనె తేలి మూతలా ఉంటుంది కాబట్టి కింది నీళ్లు తొందరగా ఆవిరి కావు.

ఇది వాసనతో పోయే వ్యవహారం మాత్రమే కాదు. 2003లో సార్స్ ప్రబలినప్పుడు హాంకాంగ్‌లోని అమోయ్ గార్డెన్స్ అనే అపార్టుమెంట్ల సముదాయంలో 300 మందికి పైగా జబ్బు పడ్డారు. 42 మంది చనిపోయారు. ఒకరింటికొకరు వెళ్లనివాళ్లకు కూడా ఎలా సోకిందని అధికారులు ఆరా తీస్తే బాత్రూమ్ జాలీల దగ్గర తేలింది. నేల తడిపి కడిగే అలవాటు లేక చాలా ఫ్లాట్లలో జాలీల కింది ట్రాపులు ఎండిపోయాయి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసినప్పుడల్లా మురుగు పైపులోని తుంపరలు ఆ దారిన గదిలోకి వచ్చాయని నిర్ధారించారు. మన ఇళ్లలో బకెట్లతో నీళ్లు కుమ్మరించే అలవాటు కొంతవరకు మనల్ని కాపాడుతోందనే చెప్పాలి. ఇప్పుడు ‘డ్రై బాత్రూమ్’ ఫ్యాషన్ వచ్చింది. మంచిదే. మూలన ఉన్న జాలీకి మాత్రం వారానికోసారి నీళ్లు చూపించాలి.

కొన్ని ఇళ్లలో పైవాళ్లు ఫ్లష్ కొట్టగానే కింది వాళ్ల జాలీలో గుడగుడమని చప్పుడు, వెనకే వాసన వస్తాయి. పైపులో వేగంగా దిగే నీళ్లు గాలి కోసం ట్రాపులోని నీళ్లను లాక్కుపోతాయి. మేడ మీదికి పోయే గాలి గొట్టం లేకపోయినా, దాని నోరు మూసుకుపోయినా ఇలాగే అవుతుంది. పావురాలు గూడు పెట్టాయేమో ఒకసారి పైకెళ్లి చూడండి.

వంటింటి శత్రువు

వెనకటి ఇళ్లలో బియ్యం కడిగిన నీళ్లు, గంజి, మిగిలిన అన్నం కుడితి తొట్టిలోకి వెళ్లేవి. అంట్లు తోమిన నీళ్లు పెరట్లో అరటి పాదుకో, చేమ మొక్కలకో పారేవి. కాల్వకు చేరేది తక్కువ. ఇప్పుడు అరటి చెట్టూ లేదు, గేదె కూడా లేదు. అన్నిటికీ సింకే దిక్కు!

అన్నిటికన్నా పెద్ద నేరస్తురాలు నూనె. బజ్జీలు వేసిన మూకుడులో మిగిలింది, పచ్చడి జాడీ కడిగింది, చికెన్ కూర గిన్నె అడుగున తేలింది... పోసేటప్పుడు నీళ్లలాగే జారిపోతుంది. లోపలికెళ్లి చల్లబడ్డాక పైపు గోడకు జిడ్డులా అంటుకుంటుంది. దానికి మెతుకులు, టీ పొడి, దోసెల పిండి, గిన్నెలు తోమిన పీచు ముక్కలు అతుక్కుంటాయి. పైపు లోపలి దారి రోజురోజుకూ సన్నబడుతుంది. చలికాలంలో జిడ్డు ఇంకా గట్టిపడుతుంది. ఏదో ఓ రోజు పొద్దున్నే, సరిగ్గా పిల్లల క్యారేజీల వేళకు, నీళ్లు నిలబడిపోతాయి. ఆ రోజు పోసిన నీళ్లు చేసిన తప్పేం లేదు. ఆరు నెలల నుంచి పేరుకున్న లెక్క అది.

జిడ్డు గిన్నెను తోమే ముందు పాత వార్తాపత్రిక ముక్కతో ఒకసారి తుడిచి చెత్తబుట్టలో వేస్తే సింకు సమస్యలు చాలావరకు తీరిపోతాయి. (మా పేపరైనా ఫర్వాలేదు, చదివేశాకే లెండి!) వేపుళ్ల నూనె మిగిలితే చల్లారాక పాత సీసాలో పోసి మూత పెట్టి పారేయండి. సింకు జాలీ మీద సన్న కన్నాల స్టీలు జల్లెడ ఒకటి పెట్టుకోండి.

నీళ్లు నిలిచిపోయాయా? ముందు ప్లంజర్‌తో ప్రయత్నించండి. రబ్బరు డొప్పకు కర్ర బిగించి ఉంటుందే, అదే. సింకులో డొప్ప మునిగేంత నీళ్లుండాలి. పక్కన నీళ్లు పొర్లి పోయేందుకు పెట్టిన చిన్న కన్నం ఉంటుంది. దాన్ని తడిగుడ్డతో గట్టిగా మూయాలి. మూయకపోతే మీరు నొక్కిన గాలంతా అటే పోతుంది, చెయ్యి నొప్పి మిగులుతుంది. పది పదిహేనుసార్లు కిందికీ పైకీ ఆడించి లాగండి.

దానికీ లొంగకపోతే బాటిల్ ట్రాప్ విప్పాలి. ఇదేం బ్రహ్మవిద్య కాదు. కింద బకెట్ పెట్టి, అడుగున ఉన్న గిన్నెను సీసా మూతలా తిప్పితే ఊడొస్తుంది. లోపలి మడ్డి తీసి కడగాలి. విప్పిన గిన్నెను పట్టుకెళ్లి అదే సింకులో కడిగేవాళ్లున్నారు... నీళ్లన్నీ కాళ్ల మీదే! రబ్బరు వాషర్ ఎటు వైపు ఉందో చూసుకుని అలాగే పెట్టి, చేత్తోనే బిగించండి. రెంచీతో బలం చూపిస్తే ప్లాస్టిక్ మరలు పోతాయి.

సలసల మరిగే నీళ్లు పోయడం చాలామందికి అలవాటు. పీవీసీ పైపులు 60 డిగ్రీలు దాటిన వేడికి మెత్తబడతాయి, అతుకుల దగ్గర వదులవుతాయి. స్నానానికి పెట్టుకునే వేడి కన్నా కాస్త ఎక్కువైతే చాలు. ఇక వంటసోడా, వెనిగర్ కలిపి పోస్తే బుసబుస పొంగుతుంది, చూడ్డానికి బాగుంటుంది. కానీ ఆ రెండూ ఒకదాని బలాన్ని మరొకటి తినేస్తాయి. వాసన కొంత తగ్గుతుందేమో గానీ, గట్టిగా పూడుకున్న పైపుకు దాంతో పని కాదు.

సీసాలతో జాగ్రత్త

బజారులో దొరికే డ్రెయిన్ క్లీనర్ పొడుల్లో ఎక్కువగా ఉండేది కాస్టిక్ సోడా. నీళ్లు తగలగానే విపరీతంగా వేడెక్కుతుంది. పొడి వేసి, పైకి వంగి ‘కరుగుతోందా’ అని చూడకూడదు. అది పని చేయలేదని వెంటనే ప్లంజర్ కొట్టకూడదు. ఆ నీళ్లు కంట్లో పడితే చూపే పోవచ్చు. పొడి వేసిన సంగతి తర్వాత వచ్చే ప్లంబర్‌కు తప్పకుండా చెప్పాలి. అతను చెయ్యి పెట్టేది అందులోనే కదా.

అంతకన్నా ప్రమాదం, రెండు రకాలు కలపడం. కమోడ్ మరకలు పోవడానికి యాసిడ్ పోసి, ఇంకా తెల్లగా రావాలని పైన బ్లీచింగ్ పౌడర్ చల్లుతారు. ఆ రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ వాయువు. మూసి ఉన్న చిన్న బాత్రూమ్‌లో అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. ఏదో ఒక్కటే వాడండి. కిటికీ తెరవండి. పనిమనిషితో చేయిస్తుంటే ఆమెకూ ఈ మాట చెప్పండి, చేతి తొడుగులు మీరే కొనివ్వండి.

కమోడ్‌లో వేయకూడనివి చెప్పాలంటే జాబితా పెద్దదే గానీ, వేయదగినవి చెప్తే తొందరగా అయిపోతుంది. మలమూత్రాలు, నీళ్లు, కరిగిపోయే టాయిలెట్ పేపరు. అంతే. శానిటరీ ప్యాడ్లు, పిల్లల డైపర్లు నీళ్లు పీల్చి ఉబ్బడానికే తయారైనవి. పైపులో అదే పని చేస్తాయి. తడి వైప్స్ ప్యాకెట్ మీద ఏం రాసున్నా పేపరులా విడిపోవు. దువ్వెనకొచ్చిన వెంట్రుకల ఉండ కూడా చెత్తబుట్టకే.

కుళాయి కారుతుంటే చాలావరకు లోపల వాషరో, స్పిండిలో అరిగిపోయి ఉంటుంది. మార్చడం ప్లంబర్‌కు పది నిమిషాల పని. ఎంత నష్టపోతున్నారో తెలియాలంటే గంటసేపు కింద సీసా పెట్టి చూడండి. గంటకు లీటరు పడితే నెలకు 720 లీటర్లు. ఫ్లష్ ట్యాంకు కారడం మాత్రం కంటికి కనపడదు. బట్టలకు వాడే నీలిమందు ఐదారు చుక్కలు ట్యాంకులో వేసి, ఇరవై నిమిషాలు ఎవరూ ఫ్లష్ కొట్టకుండా చూడండి. కమోడ్‌లోకి నీలం దిగిందంటే అడుగు వాషర్ పోయినట్టే.

టైల్స్ పగలగొట్టే ముందు

‘లోపల లైను జామ్ అయిందమ్మా. టైల్స్ పగలగొట్టాలి’. ఈ మాట వినగానే ఇల్లాలి గుండె జారిపోతుంది. ఆగండి. ముందు ఇంటి బయట ఉన్న ఛాంబర్ మూత తీయించండి. ఇంట్లో నీళ్లు నిలిచి ఉన్నప్పుడు ఛాంబర్ ఖాళీగా ఉందనుకోండి, అడ్డు ఇంటికీ ఛాంబర్‌కూ మధ్య ఉంది. ఆ మధ్య దూరాన్ని స్ప్రింగు తీగతోనో, వెదురు బద్దతోనో పొడిచి, ఫలితం లేకపోతే అప్పుడే టైల్స్ మాట. ఛాంబర్ నిండుగా ఉందంటే అడ్డు అవతల ఉంది. వీధిలోని మ్యాన్‌హోల్ కూడా పొంగుతుంటే అది మీ ప్లంబర్ పని కాదు, మున్సిపాలిటీ పని. హైదరాబాద్‌లోనైతే జలమండలిది. ఒక్క సింకే ఆగితే దాని ట్రాపులో, ఇంట్లో అన్నీ ఒకేసారి ఆగితే బయటి లైనులో. ఇంత గుర్తుంటే సగం ఖర్చు తగ్గుతుంది.

వానాకాలంలో ఛాంబర్లు పొంగడానికి మన చేతులారా చేసే పని ఒకటుంది. మేడ మీది వాన నీటి గొట్టాన్ని తెచ్చి మురుగు ఛాంబర్‌లో కలిపేస్తాం. ఇంటి మురుగు కోసం వేసిన పైపు గంటలో కురిసిన వానను మోయలేదు. ఆ నీళ్లు పల్లంలో ఉన్నవాళ్ల బాత్రూమ్‌లోంచి పైకి లేస్తాయి. వాన నీటికి ఇంకుడు గుంత తవ్వించండి.

ఎవరు దిగుతారు?

చిన్న పట్టణాల్లో, నగరాల శివార్లలో చాలా ఇళ్లకు వీధి లైను లేదు. సెప్టిక్ ట్యాంకే. రెండు మూడేళ్లకోసారి దాన్ని తోడించాలి. పదేళ్లయినా మూత తీయనివాళ్లు ‘మా ట్యాంకు మంచిది’ అని గొప్పగా చెప్తారు. నిండిన ట్యాంకులోంచి మడ్డి ఇంకుడు గుంతలోకి పోయి, నేల నీళ్లు పీల్చడం మానేస్తుంది. అప్పుడు కమోడ్ దిగదు. అప్పుడు హడావిడిగా మనిషి కోసం వెతుకుతారు. లారీకి అడిగినంత ఇచ్చుకోలేకనో, సందు ఇరుకనో, ‘ఐదు వందలిస్తా, దిగి తీసెయ్’ అంటారు.

ట్యాంకులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్‌కు కుళ్లిన గుడ్డు వాసన ఉంటుంది. గాఢత పెరిగితే ముక్కు ఆ వాసనను పట్టలేదు. కాబట్టి వాసన రావట్లేదంటే గ్యాస్ లేదని కాదు. ఎక్కువగా ఉంటే రెండు మూడు శ్వాసల్లోనే మనిషి కూలిపోతాడు. అతన్ని పైకి తీయాలని రెండోవాడు దిగుతాడు, అతని కోసం మూడోవాడు. ఇలాంటి వార్తలు మన పేపర్లలో ఎన్నిసార్లు చదవలేదు? పోయినవాళ్లలో ఒకే ఇంటివాళ్లు ఉంటారు. అగ్గిపుల్ల వెలిగించి లోపల గాలుందో లేదో చూసే పాత పద్ధతి మరీ ప్రమాదం. లోపల మండే మీథేన్ కూడా ఉంటుంది. ఎవరైనా పడిపోతే ఫైర్ సర్వీసుకు 101, లేదా 112కు ఫోన్ చేయాలి. వెంట దిగకూడదు.

చట్టం కూడా ఇదే చెప్తోంది. 2013లో వచ్చిన చట్టం ప్రకారం సెప్టిక్ ట్యాంకులోకి, మురుగు కాల్వలోకి రక్షణ లేకుండా మనిషిని దించడం నేరం. మున్సిపాలిటీయే కాదు, ఇంటి ఓనరైనా సరే. మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ‘అతనే ఒప్పుకున్నాడండీ’ అంటే కుదరదు. బెజవాడ విల్సన్ తన సఫాయి కర్మచారి ఆందోళన్‌తో ఏళ్ల తరబడి ఈ పోరాటం చేశారు. 2016లో ఆయనకు మెగసెసే అవార్డు వచ్చింది. ఆ సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2014లో, మురుగులో దిగి చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయలు ఇవ్వాలంది. 2023 అక్టోబరులో మరో కేసులో దాన్ని 30 లక్షలకు పెంచింది. తండ్రి పోయిన ఇంటికి అదేం సరిపోతుందన్నది వేరే మాట.

కాబట్టి ట్యాంకు తోడాలంటే పంపు ఉన్న వ్యాక్యూమ్ లారీనే పిలవండి. సందు ఇరుకైతే పొడుగు పైపున్న వాళ్లను ముందే అడగండి. తోడింది ఎక్కడ పోస్తారో కూడా అడగండి. చెరువులో, వాగులో అయితే ఒప్పుకోవద్దు. మూత తెరిచినంతసేపూ పిల్లల్ని దగ్గరికి రానీయొద్దు, సిగరెట్ వెలిగించనీయొద్దు.

లారీ పైపుతో తోడాక అడుగున కొంచెం మడ్డి మిగిలి కనిపిస్తుంది. సరిగ్గా ఇక్కడే చాలామంది ‘ఇచ్చిన డబ్బులకు ఆ మిగిలింది కూడా తీసెయ్, ఓసారి దిగు’ అంటారు. ఆ మిగిలింది తీయకూడదు. కొత్తగా చేరే మలాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు ఉండేది అందులోనే. పాలు తోడుపెట్టడానికి చెంచా పెరుగు మిగుల్చుకున్నట్టే అనుకోండి. నీళ్లతో కడిగించొద్దు, యాసిడ్, ఫినాయిల్ పోయించొద్దు. మూత బిగించి, గాలి గొట్టం మీద వల సరిగా ఉందో లేదో చూసి, తోడించిన నెల, సంవత్సరం పక్క గోడ మీద పెయింటుతో రాసి పెట్టండి.